ఉప్పు దారిలో మనవాళ్ళు

కిందటేడు ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పిల్లల చేత ఏం వేయించాలా అని మా హాస్టల్లో కూర్చుని ఆలోచిస్తున్నాం. సుగాలీ పిల్లలకి ఆ బెంగ లేదు. అద్దాల లంగాలు ఇళ్ళ దగ్గర నుంచి వచ్చేస్తాయి, డాన్సు ముందే ఖాయం. యానాది పిల్లలు చేపలు పట్టే పాట వేస్తామన్నారు. మిగిలింది మన ఎరుకల పిల్లలు. "ఎరుకలసాని వేషం వెయ్యండే, బుట్ట, చేట, కర్ర నేను తెచ్చిపెడతాను" అన్నాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడి, "వద్దు మేడమ్, నవ్వుతారు" అంది.

ఎవరు నవ్వుతారే అని అడగలేదు. నాకు తెలుసు. నేను ఏడో తరగతిలో ఉండగా మా బళ్ళో ఒక చేతి గడియారం పోయింది. క్లాసులో నలభై మంది ఉంటే మొదట దులిపింది నా పుస్తకాల సంచి. గడియారం సాయంత్రానికి బల్ల సొరుగులోనే దొరికింది. దొరికిందని అందరికీ చెప్పారు గానీ, నా సంచి ఎందుకు దులిపారో ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి అమ్మమ్మకి చెబితే ఆవిడ బుట్ట అల్లుతూ అల్లుతూ ఒక్క క్షణం ఆగి, "మన పేరు కాయితం మీద ఎక్కించారు తల్లీ, ఎక్కించినవాళ్ళు పోయారు, కాయితం పోలా" అంది. అదేమిటో అప్పుడు అర్థం కాలేదు. బి.ఎడ్. చదివేటప్పుడు లైబ్రరీలో చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే ఆ కాయితం ఏమిటో తెలిసింది.

ఈ సావనీర్‌కి ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. సుగాలీల గురించి, యానాదుల గురించి రాయడానికి ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళు ఉన్నారు. నేను నా ఇంటి సంగతి రాస్తాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ సెల్‌ఫోన్లో మన కులం పేరు కొట్టి చూస్తే ముందుగా దొంగల సినిమాలే వస్తాయి. 1991లో ఒక్క ఏడాదిలోనే 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' అని రెండు వచ్చాయి. 2023లో ఇంకొకటి వచ్చింది. ఆ సినిమాలకి ముందు మనం ఏం చేసేవాళ్ళం అన్నది మీకు ఫోన్ చెప్పదు. అది మన గుంపుల పేర్లు చెబుతాయి.

పెళ్ళి సంబంధాలు కలుపుకునేటప్పుడు పెద్దవాళ్ళు అడిగే నాలుగు వంశాల పేర్లు మీరు వినే ఉంటారు. సాతుపాటి, కావడి, మానుపాటి, మేండ్రగుత్తి. నేను చెప్పేది వాటి గురించి కాదు. పనిని బట్టి వచ్చిన పేర్లు వేరే ఉన్నాయి. దబ్బ ఎరుకల అంటే వెదురు చీల్చి దబ్బలతో బుట్టలు అల్లేవాళ్ళు. ఈతపుల్లల ఎరుకల అంటే ఈత పుల్లలతో అల్లేవాళ్ళు. కరివేపాకు ఎరుకల, కుంచె ఎరుకల, ముగ్గులు వేసి సోది చెప్పే పరికముగ్గుల ఎరుకల. అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది ఉప్పు ఎరుకల. ఈ పేర్లలో ఒక్కటి కూడా దొంగతనం మీద వచ్చింది లేదు చూశారా. ఊళ్ళవాళ్ళు మనల్ని ఏ పనికి పిలిచారో ఆ పని పేరే పెట్టారు.

ఉప్పు దగ్గర మొదలుపెడతాను.

హనుమాన్ జంక్షన్ అంటే బయటివాళ్ళకి ఆంజనేయస్వామి గుడి, హైవే మీద బస్సు ఆగే చోటు. 2001లో ఆ పేరుతో సినిమా వచ్చాక హైదరాబాదులో కూడా మన ఊరి పేరు చెబితే నవ్వుమొహంతో గుర్తుపడుతున్నారు. తమాషా ఏమిటంటే ఇక్కడి రైల్వే స్టేషన్ పేరు మాత్రం నూజివీడు. జంక్షన్ మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూడండి. పడమర బెజవాడ, తూర్పున ఏలూరు. ఇది పెద్ద రోడ్డు, మొన్నటిదాకా అయిదో నంబరు, ఇప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి. దీనికి అడ్డంగా వెళ్ళేది ఇంకొకటి. దక్షిణంగా గుడివాడ, ఉత్తరంగా నూజివీడు. మనకి కావలసింది ఈ అడ్డ రోడ్డు. గుడివాడ నుంచి ఇంకా కిందికి పోతే బందరు, సముద్రం, ఉప్పు మళ్ళు. నూజివీడు నుంచి ఇంకా పైకి పోతే తిరువూరు, ఆ పైన ఒకప్పటి నైజాం రాజ్యం. ఆ రాజ్యానికి సముద్రం లేదు. పప్పులో వేసుకునే ఉప్పు రాయి ఎవరో ఒకరు కోస్తా నుంచి మోసుకుపోవలసిందే.

ఆ మోసుకుపోయినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు. కోస్తాలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద గోనెలు వేసుకుని మెట్ట ఊళ్ళకి తీసుకుపోయి, అక్కడ ధాన్యానికి మార్చుకునేవారు. తిరిగి వచ్చేటప్పుడు చింతపండు, బెల్లం, కరివేపాకు. 1909లో థర్‌స్టన్ అనే దొర దక్షిణ దేశపు కులాల మీద అచ్చువేసిన ఏడు సంపుటాల్లో కూడా కొరవలు, ఎరుకలవాళ్ళు ఈ వర్తకం చేసేవారని రాసి ఉంది. కొరవలు అంటే తమిళ దేశంలో ఉండే మన దాయాదులే. బండి పోలేని దారిలో గాడిద పోతుంది. బజారు లేని ఊరికి మనవాళ్ళే బజారు. ఆ వర్తకంలో ఊళ్ళవాళ్ళు మన కోసం ఎదురుచూసేవారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. రాత్రి ఊరి బయట మన గుడిసెలు వేస్తే తెల్లారి పోలీసుకి కబురు పోయే రోజులు తరవాత వచ్చాయి. ముందు రోజుల్లో మన గాడిదలు కనబడితే ఆడవాళ్ళు వడ్లు కొలుచుకుని చాటల్లో తెచ్చేవారు.

మా అమ్మమ్మ పుట్టేనాటికి ఉప్పు పోయింది, గాడిదలు మిగిలాయి. వాటి మీద బుట్టలు వేసుకుని నూజివీడు వైపు ఊళ్ళు తిరిగేది. తాతల కాలం నుంచీ అదే దారి కాబట్టి గాడిదకి మలుపులు తెలిసేవని, తాను ముందు నడవకపోయినా అదే తిరిగేదని చెప్పేది. ఆవిడ మాటల్లో నిజమెంతో, గాడిద మీద ప్రేమ ఎంతో నేను తూచలేను.

ఉప్పు ఎలా పోయింది? ఒక్క రోజులో పోలేదు. మద్రాసు ప్రభుత్వం 1805లోనే ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టింది. ఉప్పు పండించినవాడు సర్కారుకే అమ్మాలి, కొనేవాడు సర్కారు చెప్పిన ధరకే కొనాలి. చిన్న వర్తకుడికి అప్పుడే ఊపిరి సలపలేదు. తరవాత 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కెప్టెన్ ఛార్లెస్ ఓర్ కట్టించాడు. ఈ ఆనకట్ట డెల్టాకి అన్నం పెట్టింది, అందులో సందేహం లేదు, మనం తినేది కూడా ఆ అన్నమే. కానీ ఆ కాలువలు నీళ్ళు పారించడానికే తవ్వలేదు. పడవలు నడవడానికి కూడా తవ్వారు. ఏలూరు కాలువ కృష్ణా కాలువల్ని గోదావరి కాలువలతో కలిపింది. మన పక్కనే పెరికీడు దగ్గర చూస్తుంటారుగా, ఆ కాలువే. ఒక్క పడవలో పట్టే సరుకు మొయ్యడానికి ఎన్ని గాడిదలు కావాలో మీరే లెక్క వేసుకోండి. ఆ తరవాత రైలు. 1893కి కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది, ఆ ఏడు మొదలుకుని 1896 లోపల బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు కోస్తా లైను తెరుచుకుంది. మన నూజివీడు స్టేషన్ ఆ లైను మీదిదే. ఉప్పు బస్తా గూడ్సు పెట్టెలో ఎక్కి కూర్చుంది. గాడిద రోడ్డు మీద నిలబడిపోయింది.

ఇంతలో రెండు దెబ్బలు. ఒకటి 1876లో మొదలైన ధాత కరువు. పెద్దవాళ్ళు ఇప్పటికీ ధాత కరువు అనే అంటారు, ధాత నామ సంవత్సరం కాబట్టి. ధాన్యమే లేని ఊళ్ళో ఉప్పుకి మారకం ఏమిస్తారు? రెండోది 1882 మద్రాసు అడవి చట్టం. వెదురు నరకడానికి, పశువుల్ని మేపడానికి అడ్డం వచ్చింది. ఉప్పు పోయిందంటే బుట్టల మీద పడదామంటే వెదురుకి కూడా కాయితం కావాలన్నారు.

ఇదంతా ఎవరో మన మీద కక్షగట్టి చేసింది కాదు, ఆ సంగతి కూడా చెప్పాలి. ఆనకట్ట కట్టినవాడికి మన గాడిదలు కనపడి ఉండవు. అయితే పని పోయినవాడు ఊళ్ళమ్మట తిరుగుతుంటే సర్కారు అడగవలసిన ప్రశ్న వీడి పని ఏమైంది అని. అది అడగలేదు. వీడెందుకు తిరుగుతున్నాడు అని అడిగింది.

ఆ ప్రశ్నకి జవాబుగా వచ్చిందే నేరస్థ జాతుల చట్టం. మొదట 1871లో ఉత్తర దేశంలో పెట్టారు. 1911లో దాన్ని మార్చి రాసినప్పుడు మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఒక జాతిని నేరస్థ జాతి అని గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. తప్పు చేసిన మనిషి ఎవరు, ఏ తప్పు, ఎప్పుడు అని రుజువులు అక్కర్లేదు. ఆ ప్రకటన తప్పని కోర్టుకి వెళ్ళే వీలు లేదు. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. వేలిముద్రలు తీసుకుంటారు. ఊరు దాటాలంటే చీటీ కావాలి, చెప్పిన వేళకి వచ్చి హాజరు వేయించుకోవాలి. నడిచి బతికే జాతిని నడవొద్దన్నారు. మా అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాన్న రోజూ మునసబుగారి ఇంటికి పోయి వచ్చేవాడట. మా నాన్నకి మునసబుగారి దగ్గర ఉద్యోగం అని ఆవిడ తోటి పిల్లలకి గొప్పగా చెప్పుకునేదట. అది హాజరని పెద్దయ్యాక తెలిసింది.

నేను కూడా రోజూ హాజరు తీసుకుంటాను. రాత్రి అన్నాలయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్క చూసుకుంటాను. మధ్యలో కొన్నాళ్ళు వేలిముద్రల మిషను పెట్టారు. చిన్నపిల్లల వేళ్ళు దాని మీద సరిగా పడేవి కావు, ఒక్కొక్కరిది నాలుగుసార్లు తుడిచి పెట్టించేదాన్ని. ఒక రోజు అలా ఒక పిల్ల బొటనవేలు పట్టుకుని నొక్కుతుంటే 1911 గుర్తొచ్చింది. పిల్లలు క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోవడానికి తీసే హాజరు వేరు, అది వేరు. తెలుసు. అయినా ఆ పూట నా చెయ్యి ఆగింది. మనం ఏకలవ్యుడి వంశం అని చెప్పుకుంటాం. బొటనవేలి కథలు మనల్ని వదిలేట్టు లేవు.

1911 చట్టం కింద సెటిల్‌మెంట్లు కూడా పెట్టారు. మనవాళ్ళని కుటుంబాలతో సహా ఒకచోట చేర్చి, పని ఇచ్చి, కాపలా పెట్టడం. వాటిని నడిపే బాధ్యత కొన్నిచోట్ల సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. బెజవాడ ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం దగ్గర అలాంటిది ఒకటి. రాతి క్వారీలో పని. బాపట్ల, చీరాల మధ్య ఇంకొకటి. మద్రాసు ప్రభుత్వంలో సర్ హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి ఉండేవాడు, ఆయన పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు వచ్చింది. సినిమా పేరులో దొంగల పక్కన నిలబడ్డ ఆ పేరు ఒక దొరగారిదని మీలో ఎంతమందికి తెలుసు? అక్కడి ఆడవాళ్ళు, పిల్లలు చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేవారు. ఈ చరిత్రంతా మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి పాత సర్కారు కాయితాలు వెతికి 2001లో ఒక పుస్తకంగా రాశారు. ఉప్పు వర్తకానికీ ఈ చట్టానికీ ఉన్న లంకె నాకు ఆవిడ పుస్తకంలోనే కనపడింది. మన సంఘంలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు ఎవరైనా దాన్ని తెలుగులో చెప్పుకునే పని పెట్టుకుంటే బాగుంటుంది. నేను ఒక్కదాన్నే చెయ్యలేను, హాస్టల్ సరుకుల లెక్కలే నాకు తెమలవు.

సెటిల్‌మెంట్లలో బడి పెట్టారు, వైద్యం చూశారు, కొంతమందికి భూమి దొరికింది. అక్కడ చదువుకుని పైకొచ్చిన కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళు ఆ మాట చెబితే నేను కాదనను. నా పేచీ అంతా మొదటి మెట్టు మీద. బడి ఇవ్వడానికి ముందు నేరస్థుడని ముద్ర వెయ్యడం ఎందుకు?

ఈ చట్టం మీద మాట్లాడినవాళ్ళు మన నేల మీద ఉన్నారు. నెల్లూరు వైపు వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల మధ్య, మనలాంటి మిగతా జాతుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. ఈ చట్టం పోవాలని పోరాడారు. 1962లో యానాదుల మీద ఆయన రాసిన పుస్తకం ఇవాళ్టికీ పరిశోధన చేసేవాళ్ళకి ఆధారం. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. జవహర్లాల్ నెహ్రూ 1936లో నెల్లూరు వచ్చినప్పుడు, ఏ జాతినీ మొత్తంగా నేరస్థ జాతి అనడానికి వీల్లేదని, ఈ చట్టాన్ని తీసెయ్యాలని గట్టిగా అన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక దీన్ని పరిశీలించడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ కమిటీ నివేదిక తరవాత 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. అందుకే మనవంటివాళ్ళని విముక్త జాతులు అంటారు. మిగతా దేశానికి 1947 ఆగస్టు 15న వచ్చింది మన వాకిట్లోకి వచ్చేసరికి ఇంకో అయిదేళ్ళు పట్టింది.

చట్టం పోయినా అలవాటు నేరస్థుల చట్టాలని వేరే పేరుతో మళ్ళీ వచ్చాయి. జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం, విముక్త జాతులవాళ్ళని పుట్టు నేరస్థుల్లా చూడడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరులో. నిన్న మొన్న. మా అమ్మమ్మ చెప్పిన కాయితం అంత పొడుగు ప్రయాణం చేసింది. మధ్యలో మంచి ప్రయత్నాలు లేకపోలేదు. బెజవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణంగారు, ఆయన భార్య, జాషువా కవిగారి అమ్మాయి హేమలతా లవణంగారు 1970ల్లో స్టువర్టుపురం వెళ్ళి అక్కడివాళ్ళతో కలిసి పనిచేశారు. లవణం అంటే ఉప్పేగా. 1930లో గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టాడని గోరాగారు కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నారు. ఉప్పు పోగొట్టుకున్న జాతి దగ్గరికి ఆ పేరుగల మనిషి రావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

ఇక ఎరుక సంగతి. మా పిల్ల వద్దన్న వేషం.

తిరుపతి వెంకన్న కథ మీ ఇళ్ళలో చెప్పుకునే ఉంటారు. ఆకాశరాజు కూతురు పద్మావతి మనసులో ఏముందో తల్లికి తెలియడం లేదు. పిల్ల చిక్కిపోతోంది. అప్పుడు శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని రాజుగారి అంతఃపురానికి పోయి ఎరుక చెబుతాడు. పెళ్ళి కుదిరేది ఆ ఎరుక మీదే. దేవుడు వెయ్యడానికి లోకంలో ఇన్ని వేషాలు ఉండగా మన ఆడవాళ్ళ వేషం ఎందుకు వేశాడు? రాజుగారి గుమ్మం దాటి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడగలిగే పరాయి మనిషి ఎరుకలసాని ఒక్కతే కనుక. సోది చెప్పించుకునేవాళ్ళు అడిగేది పైకి పెళ్ళి గురించి, పంట గురించి. లోపల ఉన్న దిగులు వేరే ఉంటుంది. ఆ దిగులు వినే ఓపిక మన అమ్మమ్మలకి ఉండేది. మాది చదువుకున్న ఇల్లే, సోది నిజమవుతుందని నేను మీకు చెప్పను. కానీ హాస్టల్లో రాత్రిళ్ళు ఏడ్చే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించేటప్పుడు నేను చేసేది మా అమ్మమ్మ చేసిన పనిలో సగమేమో అనిపిస్తుంది. అన్నట్టు, చట్టం రద్దు చేయించిన కమిటీ అధ్యక్షుడు అయ్యంగార్‌గారిది తిరుచానూరు, పద్మావతి అమ్మవారి ఊరు. ఏదో అలా కలిసింది.

మా అమ్మమ్మ సోది మొదలుపెట్టే ముందు దేవతల్ని పిలిచే వరస ఒకటి ఉండేది. కంచి కామాక్షమ్మ, మధుర మీనాక్షమ్మ, ఆ తరవాత మన బెజవాడ కనకదుర్గమ్మ. చిన్నప్పుడు అది ఊరికే వల్లించడం అనుకునేదాన్ని. మన ఇంట్లో మాట్లాడే కుర్రు భాష తమిళానికి చుట్టం అని భాషాశాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. ఆ సంగతి తెలిశాక ఆ దేవతల వరస వింటే దక్షిణాది నుంచి ఇక్కడిదాకా నడిచి వచ్చిన దారిలా తోచింది. ఇది నా ఊహే, రుజువని రాయడం లేదు. ఇంకొకటి కూడా ఉంది. పూర్వం మన ఆడది ప్రసవిస్తే మగవాడు చీకటి గదిలో మంచమెక్కి దుప్పటి కప్పుకుని పడుకునేవాడని, ఇంగువ తినిపించేవారని 1874లో దుమ్ముగూడెం పాదిరి జాన్ కెయిన్ రాశాడు. తమిళంలో కొరవల మీద అదే అర్థం వచ్చే సామెత ఉంది. మా హాస్టల్ పిల్లలు ఈ ముక్క విని పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది, తమ ఇంటి సంగతికి తాము నవ్వుకుంటున్నారు.

బుట్టల గురించి రాయకపోతే అమ్మమ్మ ఒప్పుకోదు. చేట, తట్ట, గంప, కోళ్ళ గంప, పూల సజ్జ. డెల్టా రైతు ఇంట్లో వడ్లు ఇంటికొచ్చిన దగ్గర నుంచి అన్నం అయ్యేదాకా మన చేతి వస్తువు తగలని చోటు లేదు. బుట్ట ఖరీదు బుట్టెడు వడ్లు అనేది అమ్మమ్మ. చిన్న బుట్టకి చిన్న ధర, పెద్ద బుట్టకి పెద్ద ధర, బేరం లేదు. నూజివీడు మామిడి కాయలకి వచ్చే రోజుల్లో ఇంటిల్లిపాదీ రాత్రిళ్ళు కూడా కూర్చుని గంపలు అల్లేవారు. చిన్నరసాలు నలగకుండా గడ్డి పరిచి పంపాలంటే గంపే కావాలి. ఇప్పుడు నున్న మార్కెట్‌కి పోయి చూస్తే ఎటు చూసినా ప్లాస్టిక్ ట్రేలు. మా మేనమామ కొడుకు ఆ ట్రేలు లోడు చేసే ఆటో నడుపుతాడు. నూజివీడు, జంక్షన్, గుడివాడ. అదే దారి. వాడికి ఉప్పు సంగతి చెబితే, "అప్పట్నుంచీ మనది ట్రాన్స్‌పోర్టేనా అక్కా" అన్నాడు. నేనింత పొడుగు వ్యాసంలో చెప్పింది వాడు ఒక్క ముక్కలో అన్నాడు.

ఆ ఆగస్టులో ఎరుకలసాని వేషం వెయ్యలేదు. బలవంతం చెయ్యదలచుకోలేదు. బదులుగా పిల్లలు ఒక చేటలో ఉప్పు పోసి స్టేజీ మీద పెట్టి, గుంపుల పేర్లు ఒక్కొక్కటి చదివి, ఆ పేరు ఎలా వచ్చిందో రెండేసి ముక్కలు చెప్పారు. చప్పట్లు సుగాలీ డాన్సుకి వచ్చినన్ని రాలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. తరవాత సంక్రాంతి సెలవులకి పంపేటప్పుడు ఒక పని అప్పగించాను. మీ అమ్మమ్మనో నాయనమ్మనో మనం ఏ ఎరుకలం అని అడిగి రండి, ఏ ఊళ్ళు తిరిగారో ఆ ఊళ్ళ పేర్లు రాసుకు రండి అని. ఈ సంచిక చదువుతున్న మీకూ అదే పని అప్పగిస్తున్నాను. అడగడానికి మనుషులు ఉండగానే అడగండి. మా అమ్మమ్మని నేను అడగవలసినవి చాలా మిగిలిపోయాయి.

పిల్లలు ఏవేవో తెచ్చారు. ఒకతె ఊళ్ళ పేర్లు పదిహేడు రాసుకొచ్చింది, సగం నాకు కూడా తెలియని ఊళ్ళు. ఒకతె నాయనమ్మ చెప్పనందట, "అవన్నీ ఎందుకే ఇప్పుడు" అని కసిరిందట. అది కూడా రాసి పెట్టుకోమన్నాను. ఆ రోజు నవ్వుతారని లేచిన పిల్ల ఆఖరున వచ్చింది. "మేడమ్, మేము ఉప్పోళ్ళం కాదంట. కుంచె ఎరుకలంట. కుంచె అంటే బొమ్మలేసే బ్రష్షా?" అంది.

అది బొమ్మలు వేసే బ్రష్షు కాదు. నేతగాళ్ళు పడుగుని వీధిలో బారుగా సాగదీసి గంజి పెడతారు. ఆ గంజి పోగుపోగుకీ సమంగా పట్టేట్టు, దారాలు ఒకదానికొకటి అంటుకోకుండా దువ్వడానికి పెద్ద కుంచె కావాలి. అది కట్టడం మన వాళ్ళకి వచ్చు. ఆ కుంచె సరిగా లేకపోతే మగ్గం మీద పోగు తెగుతుంది, చీర రాదు. ఇదంతా చెబితే ఆ పిల్ల ఇప్పుడు కూడా అలా చేస్తారా, చూడొచ్చా అని అడిగింది. మంగళగిరిలో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. పడుగుకి గంజి పెట్టేది తెల్లవారుజామునే కాబట్టి మొదటి బస్సుకే బయలుదేరాలి. వచ్చే రెండో శనివారం ఎరుకల పిల్లలందరినీ తీసుకుపోతానని మాట ఇచ్చాను. మిగతా పిల్లలు కూడా వస్తామంటున్నారు. బస్సు ఛార్జీలు ఎక్కడి నుంచి తేవాలో ఇంకా తేల్చుకోవాలి.